ఇంజనీరింగ్ సీటు: విశ్వవిద్యాలయం పేరుకన్నా ముందు విభాగాన్ని చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ప్రవేశాల కాలం దగ్గర పడుతోందంటే విశ్వవిద్యాలయాల ర్యాంకుల పట్టికలు, వాటి పక్కనే పూర్తి పేజీ ప్రకటనలు పత్రికల్లో వరుసగా కనిపిస్తాయి. ఆ పేజీలను దాచుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని, పిల్లల భవిష్యత్తును వాటి ఆధారంగా తేల్చే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను మెకానికల్ ఇంజనీరింగ్ విభాగంలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని. ప్రవేశాల రోజుల్లో తల్లిదండ్రుల సందేహాలు తీర్చే బల్ల దగ్గర కూడా కూర్చున్నాను. అక్కడ వినిపించే ప్రశ్నలు దాదాపుగా రెండే: మీ ర్యాంకు ఎంత, కిందటేడు పెద్ద ప్యాకేజీ ఎంత. మా పిల్లవాడికి రెండో సంవత్సరంలో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ఎవరు చెబుతారు, ల్యాబ్‌లో యంత్రం మీద వాడి చెయ్యి పడుతుందా లేదా అని అడిగినవారు అరుదు. ఆ అరుదైన ప్రశ్నలే అసలైనవని నా గట్టి నమ్మకం.

విద్యార్థి చేరేది విశ్వవిద్యాలయంలోనే అయినా, నాలుగేళ్లు బతికేది ఒక విభాగంలో. ఒకే ప్రాంగణంలో సివిల్ విభాగం దశాబ్దాల అనుభవమున్న ఆచార్యులతో బలంగా ఉండి, నాలుగడుగుల దూరంలో ఉన్న ఎలక్ట్రానిక్స్ విభాగం తాత్కాలిక అధ్యాపకులతో నెట్టుకొస్తూ ఉండటం ఏమాత్రం వింత కాదు. విశ్వవిద్యాలయానికి ఇచ్చే ఒకే ఒక్క అంకె ఈ తేడాను చెప్పలేదు.

ర్యాంకులు అసలు వేటిని కొలుస్తాయో ఒకసారి చూద్దాం. ప్రపంచ విశ్వవిద్యాలయాల జాబితాల్లో పేరుపడిన షాంఘై ర్యాంకింగ్ 2003లో మొదలైంది. అందులో ఆరు కొలమానాలున్నాయి. నోబెల్ బహుమతులు, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ పతకాలు పొందిన పూర్వ విద్యార్థులకు 10 శాతం, ఆ గౌరవాలు పొందిన అధ్యాపకులకు 20 శాతం, తమ రచనలను ఇతరులు ఎక్కువగా ఉటంకించే పరిశోధకులకు 20 శాతం, నేచర్, సైన్స్ పత్రికల్లో వచ్చిన వ్యాసాలకు 20 శాతం, సూచికల్లోకి ఎక్కిన మొత్తం పరిశోధన వ్యాసాలకు 20 శాతం, వీటన్నింటినీ అధ్యాపకుల సంఖ్యతో పోల్చి చూసినందుకు మిగిలిన 10 శాతం. నోబెల్ బహుమతుల్లో ఇంజనీరింగ్‌కంటూ ఒక శాఖ లేదు. ఈ ఆరింటిలో ఏ ఒక్కటీ తరగతి గది తలుపు తీసి లోపలికి చూడదు. క్యూఎస్ అనే మరో ప్రపంచ ర్యాంకుల జాబితాలో ఇతర విద్యావేత్తల అభిప్రాయ సేకరణకు చాలాకాలం 40 శాతం బరువు ఉండేది, 2024 జాబితా నుంచి దాన్ని 30 శాతానికి తగ్గించారు. అంటే ఎక్కడో కూర్చున్న ఒక ఆచార్యుడికి మరో విశ్వవిద్యాలయం పేరు ఎంత బాగా గుర్తుందన్నది ఇప్పటికీ తుది అంకెలో పెద్ద వాటా. సబ్జెక్టులవారీ జాబితాలు కొంత మెరుగే. అయితే వాటికీ ప్రధానమైన ముడిసరుకు పరిశోధన, పేరుప్రతిష్ఠలే. పరిశోధనను నేను చిన్నచూపు చూడటం లేదు. పీహెచ్‌డీకి వెళ్లేవారు ఈ జాబితాలను తప్పక చూడాలి. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు మొదటి డిగ్రీలో చేరేటప్పుడు అడగవలసిన ప్రశ్న వేరు.

పైగా ఈ లెక్కల్లో చాలా భాగం విశ్వవిద్యాలయాలు స్వయంగా పంపేవే. 2022లో అమెరికాలో జరిగింది ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. యూఎస్ న్యూస్ అనే అమెరికా ప్రచురణ సంస్థ ర్యాంకుల జాబితాలో రెండో స్థానంలో ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయం ఇచ్చిన వివరాలను, అక్కడే పనిచేస్తున్న గణిత ఆచార్యుడు మైకేల్ థాడియస్ స్వయంగా లెక్కగట్టి, అవి నమ్మదగినవి కావని బహిరంగంగా రాశారు. ఇరవై మందికంటే తక్కువ విద్యార్థులుండే తరగతులు దాదాపు 83 శాతమని లోగడ చెప్పిన విశ్వవిద్యాలయం, ఆ తర్వాత విడుదల చేసిన వివరాల్లో అది 57 శాతమేనని తెలిపింది. ఆ సెప్టెంబరులో వెలువడిన జాబితాలో దాని స్థానం 18కి పడిపోయింది. తన సంస్థ ర్యాంకు పడిపోతుందని తెలిసి కూడా నిజం చెప్పిన ఆ ఆచార్యుడిని నేను ఎంతో గౌరవిస్తాను. రెండో స్థానం నుంచి పద్దెనిమిదో స్థానానికి వచ్చిన ఆ కొద్ది కాలంలో అక్కడి తరగతి గదుల్లో మారిందేమీ లేదన్న సంగతి పాఠకులు గమనించాలి. ముందు ఏ పాఠం చెప్పారో తర్వాతా అదే చెప్పారు.

ర్యాంకుకన్నా ఉపయోగపడేది ప్రోగ్రాం గుర్తింపు. దీని గురించి మన పాఠకుల్లో ఉన్న గందరగోళం చాలా ఎక్కువ. సంస్థ మొత్తానికి వచ్చే గ్రేడు వేరు, ఒక్కో ఇంజనీరింగ్ ప్రోగ్రాంకు విడివిడిగా వచ్చే అక్రెడిటేషన్, అంటే ఈ గుర్తింపు, వేరు. అమెరికాలో 1932లో వేరే పేరుతో పుట్టి ఇప్పుడు ఏబెట్‌గా పేరుపడిన సంస్థ, మన దేశంలో నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్, అంటే ఎన్‌బీఏ, ప్రోగ్రాంలను పరిశీలిస్తాయి. బ్రిటన్‌లో ఇంజనీరింగ్ కౌన్సిల్ అనుమతి పొందిన వృత్తి సంఘాలు ఆ పని చేస్తాయి. ఒక విశ్వవిద్యాలయంలో మెకానికల్‌కు గుర్తింపు ఉండి, పక్క బ్రాంచికి లేకపోవచ్చు. గుర్తింపునకు గడువు కూడా ఉంటుంది. బ్రోషర్ మీద ముద్ర కనిపించగానే సంతృప్తి పడకుండా, గుర్తింపు ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లోనే ప్రోగ్రాం పేరు, గడువు తేదీ వెతికి చూసుకోవాలి.

ఇది వట్టి కాగితం ముక్క కాదు. 1989లో ఆస్ట్రేలియా, కెనడా, ఐర్లాండ్, న్యూజిలాండ్, బ్రిటన్, అమెరికా దేశాల సంస్థలు కలిసి వాషింగ్టన్ అకార్డ్ అనే ఒప్పందం చేసుకున్నాయి. ఒక సభ్య దేశంలో గుర్తింపు పొందిన ఇంజనీరింగ్ డిగ్రీని మిగతా సభ్య దేశాల్లోనూ సమానంగా పరిగణించడం దాని ఉద్దేశం. భారతదేశం 2014లో ఎన్‌బీఏ ద్వారా పూర్తి సభ్యత్వం పొందింది. అయితే టైర్-1గా పరిగణించే సంస్థల్లో, అంటే విశ్వవిద్యాలయాల్లో, స్వయంప్రతిపత్తి గల కళాశాలల్లో, గుర్తింపు పొందిన ప్రోగ్రాంలకే ఆ ఒప్పందం వర్తిస్తుంది. టైర్-2 కింద, అంటే స్వయంప్రతిపత్తి లేని అనుబంధ కళాశాలలకు, వచ్చిన గుర్తింపు దేశంలో చెల్లుతుంది గాని వాషింగ్టన్ అకార్డ్ పరిధిలోకి రాదు. విదేశాల్లో వృత్తి చేయాలనుకునే పిల్లల తల్లిదండ్రులకు ఈ తేడా చెప్పేవారే లేరు. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ప్రొఫెషనల్ ఇంజనీరుగా లైసెన్సు పొందడానికి గుర్తింపు లేని డిగ్రీతో వెళ్లినవారికి దారి పొడుగవుతుంది. బ్రిటన్‌లో గుర్తింపు పొందిన నాలుగేళ్ల ఎంఈఎన్‌జీ (మాస్టర్స్ స్థాయి ఇంజనీరింగ్ పట్టా) చార్టర్డ్ ఇంజనీరు అనే వృత్తి హోదాకు కావలసిన చదువును పూర్తిగా సమకూరుస్తుంది, మూడేళ్ల బీఈఎన్‌జీ (బ్యాచిలర్స్) పట్టా పొందినవారు ఆపైన మరికొంత చదువు చూపించాలి. సీటు తీసుకున్నాక తెలుసుకునే సంగతులు కావివి.

గుర్తింపు ఉన్నంత మాత్రాన బోధన బాగుంటుందని కూడా నేను చెప్పను. అది కనీస స్థాయికి హామీ మాత్రమే. ఆ పైన ఏముందో మనమే వెళ్లి చూసుకోవాలి.

ఉద్యోగాల లెక్కల దగ్గర పాఠకులు మరీ జాగ్రత్తగా ఉండాలి. పదిమంది విద్యార్థుల్లో ఒకరికి ఏడాదికి 50 లక్షల జీతం, మిగతా తొమ్మిదిమందికి తలా 4 లక్షలు వచ్చాయనుకుందాం. సగటు 8.6 అవుతుంది. ఆ పదిమందిలో 8.6 దరిదాపుల్లో ఉన్నవారు ఒక్కరూ లేరు. అందరినీ వరుసలో నిలబెడితే మధ్యలో ఉన్నవాడికి వచ్చింది 4. ఆ మధ్యస్థపు అంకెను అడగాలి. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది మాత్రం 50. శాతాల్లోనూ ఇలాగే ఉంటుంది. ఒక బ్రాంచిలో 120 మంది ఉండి, బ్యాక్‌లాగులున్నవారిని, మార్కులు చాలనివారిని పక్కకు తీసి 60 మందిని మాత్రమే అర్హులుగా లెక్కించి, వారిలో 54 మందికి ఉద్యోగాలొస్తే 90 శాతమని ప్రకటించవచ్చు. చేరిన 120 మందితో భాగిస్తే అది 45 శాతం. ఒకే విద్యార్థికి మూడు కంపెనీల నుంచి వచ్చిన మూడు ఆఫర్లను ముగ్గురికి ఉద్యోగాలుగా చూపడం ఇంకొకటి. కాబట్టి అడగవలసిన విధం ఇది: మీ విభాగంలో నాలుగేళ్ల కిందట ఎంతమంది చేరారు, వారిలో ఎంతమంది సమయానికి పట్టా పుచ్చుకున్నారు, ఎంతమంది ఉద్యోగంలో నిజంగా చేరారు, వారి మధ్యస్థ జీతం ఎంత, అందులో చదివిన బ్రాంచికి సంబంధించిన ఉద్యోగాలు ఎన్ని? నిజాయితీ గల విభాగాధిపతి వీటికి జవాబు చెప్పగలడు. చెప్పడానికి తటపటాయిస్తే ఆ తటపటాయింపే మనకు కావలసిన సమాచారం.

బ్రాంచి పేరు చూసి మురిసిపోవడం ఈ మధ్య ఎక్కువైంది. కృత్రిమ మేధ, డేటా సైన్స్ అన్న పేర్లు తగిలించిన ప్రోగ్రాంల సిలబస్‌ను సెమిస్టరువారీగా తెరిచి చదవండి. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్ ఎన్ని క్రెడిట్లకు ఉన్నాయో చూడండి. కృత్రిమ మేధ పేరు పెట్టుకుని ప్రాబబిలిటీని అర సెమిస్టరులో ముగించే ప్రోగ్రాం ఆ పేరుకు న్యాయం చేయలేదు. మెకానికల్‌లో అయితే ఇంజనీరింగ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, థియరీ ఆఫ్ మెషిన్స్, మెషిన్ డిజైన్ ఇప్పటికీ పునాదులే. సాఫ్ట్‌వేర్లు వస్తుంటాయి, పోతుంటాయి. పద్దెనిమిదేళ్లకు నేర్చిన సాఫ్ట్‌వేర్ ముప్పై ఏళ్లకు వాడుకలో ఉంటుందన్న నమ్మకం లేదు గాని, అప్పుడు నేర్చిన బెండింగ్ మూమెంట్ (దూలాన్ని వంచే బలప్రభావపు లెక్క) అరవై ఏళ్లకూ పనికొస్తుంది.

ఇక ప్రయోగశాల. నాకు బాగా తెలిసిన విషయం కావడంతో కాస్త వివరంగా చెబుతాను. మెటీరియల్స్ ల్యాబ్‌లో యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్ మీద మైల్డ్ స్టీల్ కడ్డీని లాగి తెంపే ప్రయోగం ఇంజనీరింగ్ చదివే చోట్ల దాదాపు అంతటా ఉంటుంది. కడ్డీని రెండు దవడల మధ్య బిగించి లోడు పెంచుతూ పోతే ముల్లు నిలకడగా ఎక్కుతుంది. ఒక చోట లోడు పెరగకుండానే కడ్డీ సాగడం మొదలవుతుంది, ముల్లు ఆగినట్టే ఆగి కొద్దిగా వెనక్కి జంకుతుంది. అదే యీల్డ్ పాయింట్. ఆ తర్వాత మళ్లీ ఎక్కి, గరిష్ఠ స్థాయి దాటాక కడ్డీ మధ్యలో నడుము సన్నబడి, చెవులు అదిరేటట్టు చప్పుడు చేస్తూ తెగుతుంది. తెగిన ముక్కల్ని చేతిలోకి తీసుకుంటే ఒక అంచు గిన్నెలా, రెండోది శంకువులా ఉంటాయి, పట్టుకుంటే వెచ్చగా తగులుతాయి. ఈ పని సొంత చేతులతో చేసిన విద్యార్థికి యీల్డ్ పాయింట్ నిర్వచనాన్ని బట్టీ పట్టవలసిన అవసరం రాదు. చాలా చోట్ల జరిగేది వేరు. ఇరవైమంది చుట్టూ మూగితే ల్యాబ్ సహాయకుడు ఒక కడ్డీ తెంపుతాడు, ముందు వరుసలో ఇద్దరు రీడింగులు రాసుకుంటారు, మిగతా పద్దెనిమిదిమంది వాటిని చూసి రికార్డులో ఎక్కిస్తారు. కొన్ని చోట్ల ఆ ఒక్క కడ్డీ కూడా తెగదు, కిందటేటి రికార్డులోని అంకెలే కొత్త రికార్డులోకి నడిచి వస్తాయి.

బయటివారికి ఇది ఎలా తెలుస్తుందని అడగవచ్చు. తెలుస్తుంది, అందుకు ఇంజనీరు కానక్కరలేదు. చూడటానికి వెళ్లిన రోజున ఆ ల్యాబ్‌లో మూలన తెగిన కడ్డీ ముక్కల పెట్టె ఉందేమో చూడండి. యంత్రానికి అంటించిన కాలిబ్రేషన్ చీటీ (కొలతలు సరిచూసినట్టు అంటించేది) మీద తేదీ చదవండి. వర్క్‌షాపులో లేత్ మిషన్ కింది ట్రేలో ఇనుప రజను ఉంటే అది నడుస్తోందని అర్థం. నిగనిగలాడుతూ కొత్త పెయింటుతో ఉండి, పనిముక్కను బిగించే చక్ మీద దుమ్ము పేరుకుని ఉంటే అది తనిఖీల కోసం ఉంచినదని అర్థం. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో విద్యుత్ తరంగాలను తెర మీద చూపే ఆసిలోస్కోపు ప్రోబులు (కొలిచే తీగలు) అరిగి ఉండటం మంచి గుర్తు, తెర మీద ప్లాస్టిక్ పొర ఇంకా ఊడదీయకపోవడం చెడ్డ గుర్తు. వీలైతే ఇద్దరు విద్యార్థుల రికార్డు పుస్తకాలు పక్కపక్కన పెట్టి ఒకే ప్రయోగం పేజీలు తిప్పండి. వేరువేరు బ్యాచుల రీడింగులు దశాంశం తర్వాత కూడా ఒకటే అయితే ఇక ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు. కొత్త భవనాన్ని చూపించడానికి చొరవ తీసుకునే సిబ్బందిని, మధ్యాహ్నం రెండు గంటలకు ల్యాబ్ జరుగుతుండగా చూపించమని మర్యాదగా అడగండి.

అధ్యాపకుల విషయంలో వెబ్‌సైట్‌లోని ఫొటోల జాబితా చాలదు. ఆ విభాగం ఈ సెమిస్టరు టైంటేబుల్ చూపించమని అడిగి, ఆ జాబితాలోని పేర్లు టైంటేబుల్‌లో ఎన్ని ఉన్నాయో పోల్చుకోవాలి. ముఖ్యంగా మొదటి రెండేళ్ల గణితం, మెకానిక్స్, సర్క్యూట్స్ లాంటి సబ్జెక్టులు అనుభవజ్ఞులు చెబుతున్నారా, లేక ఏడాదికొకరు మారే తాత్కాలిక అధ్యాపకులకు వదిలేశారా అన్నది చూడాలి. పునాది సబ్జెక్టుల్లో వెనకబడ్డవాడు మూడో ఏడాదిలో తేరుకోవడం ఎంత కష్టమో పాఠం చెప్పినవారికి తెలుసు. ఆ విభాగం పాత ప్రశ్నపత్రాలు ఒక అయిదేళ్లవి తెప్పించుకుంటే ఇంకా మంచిది. అవే ప్రశ్నలు అంకెలు కూడా మారకుండా తిరిగి వస్తుంటే, అక్కడ మార్కులు ఎక్కువే వస్తాయి, చదువు రాదు. చివరి ఏడాది ప్రాజెక్టుల పేర్ల పట్టిక కూడా అడగండి. బజారులో కొనితెచ్చిన ప్రాజెక్టులకు మారుమోగే పేర్లుంటాయి, సొంతంగా చేసినవాటికి చిన్న, నిర్దిష్టమైన పేర్లుంటాయి. ఆ ప్రాజెక్టు చేసిన విద్యార్థిని పిలిచి, ఎక్కడ పని చేయకుండా మొరాయించింది, ఎలా సరిచేశావు అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అన్నీ బాగున్నా, పిల్లవాడి స్వభావానికి సరిపడే పద్ధతేనా అన్నది మిగులుతుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మొదటి ఏడాది విద్యార్థులు ఏ విభాగానికీ చెందరు, ఏడాది పాటు అన్నీ రుచి చూసి ఆ తర్వాత ఎంచుకుంటారు. డెన్మార్క్‌లో 1974లో స్థాపించిన ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రతి సెమిస్టరులో దాదాపు సగం చదువు జట్టుగా చేసే ప్రాజెక్టు రూపంలో సాగుతుంది. చదువును, పరిశ్రమలో పనిని విడతలుగా కలిపే కో-ఆప్ పద్ధతి 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో మొదలైంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ విద్యార్థులు నాలుగేసి నెలల చొప్పున చదువు, పని మార్చి మార్చి చేస్తారు. ఇవి అందరికీ అందుబాటులో ఉండేవని చెప్పడం కాదు నా ఉద్దేశం. మనం చూస్తున్న విశ్వవిద్యాలయంలో వీటికి సాటివచ్చేది ఏముందో అడగడానికి ఇవి ఆనవాళ్లు. ఏ బ్రాంచి ఇష్టమో ఇంకా తేల్చుకోని పిల్లవాడిని, మొదటి రోజే బ్రాంచిలో బిగించి మార్పుకు వీలివ్వని చోట చేర్చడం అన్యాయం. బ్రాంచి మారడానికి నియమాలేమిటి, కిందటేడు నిజంగా ఎంతమంది మారారు అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఖర్చు, దూరం, హాస్టల్ లాంటివి ఏ కుటుంబం పరిస్థితిని బట్టి ఆ కుటుంబమే చూసుకుంటుంది, వాటి గురించి నేను చెప్పవలసింది లేదు. అప్పు చేసి చేర్పించేవారు మాత్రం పైన చెప్పిన మధ్యస్థ జీతాన్నే ఆధారంగా పెట్టుకుని తీర్చే లెక్క వేసుకోవాలని కోరుతున్నాను.

ఈ బాధ్యతంతా తల్లిదండ్రుల మీద వదిలేయడం న్యాయం కాదు. చదువుకున్నవారికే అంతుపట్టని ఈ వివరాలను, ఇంట్లో మొదటిసారి ఒకరు ఇంజనీరింగ్ గడప తొక్కబోతున్న కుటుంబం ఎక్కడని వెతుకుతుంది? మీ పత్రికకు ఆ శక్తి ఉంది. ఈసారి ర్యాంకుల పట్టిక వేసేటప్పుడు ప్రతి విశ్వవిద్యాలయం పేరు పక్కన మరో నాలుగు గడులు చేర్చండి: ఏయే ప్రోగ్రాంలకు గుర్తింపు ఉంది, దాని గడువు ఎప్పటిదాకా; విభాగాలవారీగా మంజూరైన అధ్యాపక పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని; చేరినవారిలో సమయానికి పట్టా పొందినవారెంతమంది; చేరిన మొత్తం విద్యార్థులను లెక్కలోకి తీసుకుని, ఉద్యోగాలు పొందినవారి శాతం, వారి మధ్యస్థ జీతం. ఈ వివరాలు పంపమని విశ్వవిద్యాలయాలన్నింటికీ మీరే ఉత్తరం రాయండి. ఎవరైనా ఇవ్వకపోతే ఆ గడిలో 'అడిగాం, ఇవ్వలేదు' అని అచ్చు వేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత మెకానికల్ ఇంజనీరింగ్ అధ్యాపకుడు